ఫ్యూజు బదులు రాగితీగ

మాది భీమవరం దగ్గర రొయ్యల చెరువుల ఊరు. నీటికి గాలి అందించే ఏరియేటర్ ఆగితే రొయ్యలు చస్తాయని, ఫ్యూజు పోయినప్పుడల్లా లావు రాగితీగ చుట్టేవారు నాన్న. నేనూ అదే నేర్చుకున్నాను.

రొయ్యల మేత ఫ్యాక్టరీలో మెషీన్ల రిపేరు పనిలో చేరిన వారానికే ప్యాకింగ్ మెషీన్ మోటారును నడిపే సర్వో డ్రైవ్‌కి కరెంటిచ్చే పవర్ సప్లైలో ఫ్యూజు పోయింది. రాగితీగ చుట్టాను. కాసేపటికే సప్లై, డ్రైవ్ రెండూ కాలి హాలంతా పొగ!

"చెరువు గట్టనుకున్నావేంటమ్మా?" అన్నారు మేనేజరు గారు, అందరి ముందూ.

తప్పు నాది, దిద్దాల్సిందీ నేనే. కొత్త డ్రైవ్ వచ్చాక, మోటారు పరుగందుకునేటప్పుడు ఎంత కరెంటు లాగుతుందో కొలిచాను. పాత సప్లై దానికి చాలదని, ఫ్యూజు అందుకే పోయిందని తేలింది. పట్టుబట్టి పెద్ద సప్లై, దానికి తగ్గ ఫ్యూజు వేయించాను.

ఆ ఆదివారమే చెరువు దగ్గర రాగితీగ పీకేసి, సరైన ఫ్యూజు వైరు వేశాను.

"ఫ్యూజు పోతే రొయ్యలు పోతాయే!" అని అరిచారు నాన్న.

"ఫ్యూజు నిమిషంలో మార్చుకోవచ్చు నాన్నా. మోటారు కాలితే?"

మర్నాడు చూస్తే, నాన్న చొక్కా జేబులో ఫ్యూజు వైరు చుట్ట ఉంది.