పెన్ను పట్టుకెళ్లిన ఆవిడ

అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, ఎనభై ఒకటిలో యూనివర్సిటీకి మారాను. అక్కడ లెక్కల క్లాసులో ఐదువేల మంది. సరే, ఐదువందల మందే. మొదటి పరీక్షకే బెంబేలెత్తి, చదువు మానేస్తానన్న ఫారం పట్టుకుని బస్సెక్కాను. ఆ సాయంత్రంలోగా సంతకం పెట్టి ఇచ్చేయాలి.

పక్క సీట్లో డెబ్బై ఏళ్ల తెల్లజుట్టు ఆవిడ. ఒళ్లో మా క్లాసు లెక్కల పుస్తకమే! నా ఫారం వంక చూసింది.

"అదా, హనీ? నేనైతే రెండుసార్లు నింపాను. ఏదీ, ఆ పెన్ను ఇలా ఇవ్వు."

నా నోట్సులో సగంలో ఆగిపోయిన, వారం రోజులుగా నాకు లొంగని లెక్కను, ఆ కుదుపుల్లోనే, ఒక్క కొట్టివేత లేకుండా చేసేసింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే పెన్ను కొప్పులో గుచ్చుకుని దిగిపోయింది.

ఫారం అక్కడికక్కడే చింపేశానని మనవలకు చెబుతుంటాను. అబద్ధం. ఇంకొకరిని పెన్ను అడగడానికి సిగ్గేసింది. ఈలోగా ఆఫీసు మూసేశారు.

నా డిగ్రీ అలా వచ్చింది.