మూడోసారి బిగించమన్న గౌను

టైలరమ్మకి చూపే టేపు. మనిషి గుమ్మం ఎక్కేలోపే నడుం ఎన్ని అంగుళాలో చెప్పేసేది. అలాంటిది, సొంత అక్క కూతురు రెండు నెలల్లో మూడోసారి అదే గౌను తెచ్చి, "పిన్నీ, ఇంకొంచెం బిగించవూ?" అనేసరికి ఉలిక్కిపడింది.

"తిండి తింటున్నావా, గాలి భోంచేస్తున్నావా?"

"ఇంకా లావుగానే ఉన్నా. నీకు తెలీదులే."

టేపు చుట్టింది. ఇరవై రెండు. గౌను కుట్టినప్పుడు ఇరవై ఎనిమిది. వేళ్లకి పక్కటెముకలు తగిలాయి. "ఉండు, మీ అమ్మకి ఫోన్ చేస్తాను," అంది.

అంతే, పిల్ల గౌను లాక్కుని బట్టలు మార్చుకునే గదిలో దూరి గడియ పెట్టుకుంది. "అమ్మకి చెప్పావో, నీ మొహం చూడను!"

తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఉన్నట్టుండి దబ్బుమని చప్పుడు.

టైలరమ్మ తలుపు సందులో కత్తెర దూర్చి గడియ లేపబోతే, చెమటకి చెయ్యి జారిపోతోంది. మూడోసారికి ఊడింది. నేలమీద పిల్ల, పెదాలు పాలిపోయి. పక్కనే ఫోను వెలుగుతోంది. తెరమీద ఉన్నది తన దుకాణం పేజీయే! ఆర్నెల్ల కిందట పిల్లకి ఇదే గౌను తొడిగి, బతిమాలి తను తీసిన ఫోటో. కింద ఎవడో రాశాడు: "గౌను బాగుంది, లోపలున్నదే పీపా." దానికి నూట నలభై నవ్వులు.

ఆ మాట టైలరమ్మ రాసిన రోజే చూసింది. ఆ నవ్వులకే జనం పేజీకొస్తున్నారని, తీసేస్తే గిరాకీ పోతుందని ఊరుకుంది.

ఎదురుగా ఉన్న మందుల షాపాయన సాయం పట్టి ఆస్పత్రికి చేర్చాడు. "ఇంకో వారం ఆగితే గుండె మీదికొచ్చేది," అంది డాక్టరమ్మ. అక్క పరుగెత్తుకొచ్చింది.

"నీకేమైనా తెలుసుటే?"

తెలీదంటే సరిపోయేది. కానీ చెప్పేసింది. "ఆ మాట నా పేజీలోదే అక్కా. చూసీ ఉంచాను."

అక్క మొహం తిప్పేసుకుంది.

తొమ్మిది రోజులు ఆస్పత్రి, ఆపైన నెలల తరబడి డాక్టరమ్మ దగ్గరికి తిరుగుడు. టైలరమ్మ ఆ పేజీనే ఎత్తేసింది. సగం గిరాకీ పోయింది.

ఐదో నెలలో పిల్ల తనంతట తనే దుకాణానికొచ్చింది. అద్దం వైపు చూడకుండా స్టూలు మీద కూర్చుంది.

"చూసిన రోజే తీసెయ్యాల్సింది పిన్నీ."

"అవునే. తీసెయ్యాల్సింది."

పిల్ల, గుండీలు కుట్టాల్సిన చొక్కా ఒడిలోకి లాక్కుని సూదిలో దారం ఎక్కించింది.