హట్ బేలో అమ్మమ్మ వాడ

ఓడ దిగువ డెక్‌లో మా వరసలో ఉన్నవి: పన్నెండు బంకులు, పదిహేడు మంది మనుషులు, రెండు గంపల కోళ్లు, ఒక కట్ట రేకులు, గోనెపట్టా చుట్టిన కుట్టుమిషను. మా అమ్మ లేదు. రానంది. సునామీ వచ్చి రెండేళ్లు దాటినా ఆమె హట్ బేలో కాలు పెట్టలేదు.

హట్ బే మేముండే పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణాన, లిటిల్ అండమాన్ దీవిలో ఉన్న చిన్న ఊరు. మా అమ్మమ్మ అప్పలనరసమ్మ శ్రీకాకుళం తీరం నుంచి కొత్త పెళ్లికూతురుగా అక్కడికి వచ్చి, ఇక వెనక్కి పోలేదు. ఆ ఉదయం భూమి ఊగాక వాడలో చాలామంది కొండెక్కి బతికారు. ఆమె ఎక్కలేదు. శరీరం దొరకలేదు. మరికొందరు పోయారని విన్నాం గానీ, ఎవరు ఎలా పోయారో మాకు తెలియదు. పక్కింటి నూకాలమ్మ పెద్దమ్మ వాళ్లే ముసలిదాన్ని ఒంటరిగా వదిలేసి పరుగెత్తారని మా అమ్మ నమ్మకం. వాళ్లతో మాటలు మానేసింది. "ఎందుకు వదిలేశారో నువ్వే అడిగి రా," అని నన్ను పంపింది.

పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీ నుంచి ఓడ ఉదయం ఆరున్నరకు కదిలింది. వెళ్లదలచినవారు టికెట్టు ముందుగానే తీసుకోవాలి. ద్వీపవాసి కార్డు ఉంటే ధర తక్కువ. క్యాంటీన్‌లో పూరీ, బంగాళాదుంప కూర దొరుకుతాయి. తినకపోవడం మంచిది. పదింటికల్లా దీవుల చాటు తప్పి, ఓడ రెండు పక్కలకూ ఒరగడం మొదలైంది.

కుట్టుమిషను యజమాని హట్ బే బజారులో టైలరు. అండమాన్‌లోనే పుట్టిన తెలుగువాడు.

"ఏం భయ్యా, తొలిసారా?"

"కాదు. మా అమ్మమ్మది అక్కడే. జెట్టీ దగ్గర ఇడ్లీలు అమ్మేది."

"అరే, చారు మామ్మ మనవడివా!" లేచి కూర్చున్నాడు. "ఓడ దిగి వాంతులతో చచ్చేవాడికి ముందు గ్లాసుడు మిరియాల చారు. ఆ తరవాతే, నువ్వెవడి కొడుకువిరా అని. చారుకి పైసా తీసుకునేది కాదు, తిట్లు కూడా ముఫ్త్. ఒకసారి కప్తాన్ సాబ్‌నే నిలబెట్టి తిట్టింది, ఓడ నడపడం రానోడివి రిక్షా తొక్కుకో అని."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? చారు తాగాడు. మామ్మ మాట కాదన్నోడు ఆ ఊళ్లో లేడు భయ్యా."

అది నిజమే. చిన్నప్పుడు నేను చూసిందీ అదే. పిల్లవాడు జడుసుకుంటే ఆమె దగ్గరికే తెచ్చేవారు. మొగుడూ పెళ్లాల తగవు తెల్లారేలోపు ఆమె ఇడ్లీ పొయ్యి దగ్గరే తేలేది.

రెండున్నరకు దిగాను. అలలకు అడ్డుగా కట్టిన రాతిగోడ ముక్కలై ఉంది. వాడ ఉన్న చోట ఇసుక, తలల్లేని కొబ్బరి మోళ్లు, మూడు ఇళ్ల పునాదులు మిగిలాయి. నేను సివిల్ డిప్లొమా చదివినవాణ్ని. పునాది చూస్తే గదులు చెప్పగలను. అమ్మమ్మ వంటగది పోల్చుకోవడానికి అరగంట నిలబడ్డాను. పోల్చుకోలేకపోయాను. బావిలో నీళ్లు నోట పోసుకుని చూశాను, ఉప్పు.

నూకాలమ్మ పెద్దమ్మ వాళ్లు ఎగువన, ప్రభుత్వం వేసిన రేకుల షెడ్లలో ఉంటున్నారు. నన్ను చూడగానే పళ్లెం పెట్టింది. అన్నం, చేపల పులుసు. ఆమె కొడుకు గుమ్మం బయట కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"మీ యమ్మ బాగుందా? ఫోన్ సేత్తే ఎత్తదు."

"పెద్దమ్మా, అమ్మమ్మను ఎందుకు వదిలేశారు?"

గరిటె గిన్నెలో పెట్టేసింది. "వదిలీడమా? సెయ్యట్టుకుని లాగినాను బాబూ. ఇదిలించుకుంది. సముద్రం ఎనక్కెల్లిపోనాది. ఎప్పుడూ సూడని రాళ్లు బయటపడిపోనాయి. 'గంగమ్మ అలిగి ఎల్లిపోతంది, పిలుసుకురావాల' అని సెంబు తీసింది."

ఆ చెంబు నాకు తెలుసు. సముద్రం తీరు మారినప్పుడు వాడలో పెద్దావిడ పసుపు నీళ్లు, వేపమండ తీసుకుని ఒడ్డుకు వెళ్లి, గంగమ్మను బతిమాలి నీళ్లు వదలాలి. పెళ్లయిన ఆడవాళ్లు ఆమె వెనక నడవాలి. శ్రీకాకుళం తీరం నుంచి వాళ్లతో వచ్చిన ఆచారం అది. తుపాను వచ్చిన ప్రతిసారీ చేసేవారు. ప్రతిసారీ తుపాను పోయేది.

"నువ్వు వెళ్లలేదా?"

"నాకు మోకాళ్లు కదా. 'నువ్వు పిల్లల్ని సూడవే' అని కసిరింది. పిల్లల్నట్టుకుని పహాడ్ ఎక్కీసినాను. మా కోడలు ఎల్లింది."

బయట నుంచి కొడుకు అన్నాడు: "మామ్మ పిలిత్తే ఎల్లదేటి? నాను ఆ యేళ ఇంట్లో ఉన్నా, ఎల్లమనీవోడినే."

ఇంకెవరని అడిగాను. పెద్దమ్మ ఒక్కొక్కరినే చెప్పింది: తన కోడలు లక్ష్మి. బుట్టలల్లే పైడితల్లి. పైడితల్లి ఆడపడుచు. చివరింట్లోకి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. దాని పేరు ఎంత ఆలోచించినా ఆమెకు తోచలేదు. వాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు.

"మీ యమ్మకి సెప్పకు," అంది. "తల్లి మీద కోపం రాకూడదు. నా మీద ఉంటే ఉండనీ."

నేను చెయ్యి కడుక్కున్నాను. అన్నం సగం మిగిలిపోయింది. దానికి మాత్రం తిట్టింది.

మర్నాడు తిరుగు ఓడ. పెద్దమ్మ కొడుకు నా సంచీ జెట్టీ దాకా మోశాడు. వెళ్లేవారికి చెప్పదగింది: బజారులో హోటళ్లు మళ్లీ తెరిచారు, జీపులు దొరుకుతాయి, జలపాతం దారి బాగుంది. నేను చూడలేదు. ఓడ రెయిలింగు పట్టుకుని నిలబడి ఒక్కటే అనుకున్నాను. ఊరంతా ఆమెను ప్రేమించకపోయి ఉంటే, ఎవరో ఒకరు 'నేను రాను' అని ఉండేవారు.

ఫీనిక్స్ బేలో దిగేసరికి చీకటి పడుతోంది. అమ్మ గేటు దగ్గరే ఉంది.

"అడిగావా?"

"అడిగాను. వాళ్లు వదిలేయలేదమ్మా. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లాగిందట. అమ్మమ్మే ఒడ్డుకు వెళ్లింది."

అమ్మ నా సంచీ అందుకుని ఆటో పిలిచింది. ఆటోలో కూర్చున్నాక నా మోచెయ్యి పట్టుకుంది.

"ఒక్కతేనా?"

"కాదు. వాడలో ఆడవాళ్లు కూడా ఉన్నారు."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పోనీలే. ఒంటరిగా పోలేదు నా తల్లి," అంది. ఇంటి దారిలో డెలానీపూర్ ఎత్తు ఎక్కుతుండగా మళ్లీ అడిగింది.

"ఎంతమంది?"

"నలుగురు."