ముందు ఇరుసుకు రెండో నైలాన్ టైరు

కోసిగి క్యాంపుకు మే నెల రెండో సోమవారం ఉదయం ఆరున్నరకు చేరాను. సైన్యంలో నర్సుగా ఇరవై ఎనిమిదేళ్ళు చేసి వచ్చినదాన్ని కాబట్టి కంటి వైద్య శిబిరం పది రోజుల డ్యూటీ నాకు అప్పగించారు. పాఠశాలలో రెండు గదులు, పన్నెండు మంచాలు, ఒక జీపు. నీడలోనే నలభై రెండు డిగ్రీలు. ఎర్రదుమ్ము. జీపుకు నాలుగూ రేడియల్ టైర్లు. స్టెప్నీలో గాలి ముప్పై అని పుస్తకంలో రాసుకున్నాను. అది ఏ రకం టైరో రాసుకోలేదు. తప్పు నాదే.

ఆరో రోజు ఈరమ్మను కంటి ఆపరేషన్‌కు కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆమె మగ్గం నేస్తుంది. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంట్లో శుక్లం ముదిరింది. ఎనిమిదింటికి బయలుదేరాం. ఎనిమిదీ యాభైకి, ఎమ్మిగనూరు దగ్గరలో, ముందు ఎడమ టైరు రాయికి తగిలి పక్కన చీలింది. డ్రైవరు స్టెప్నీ బిగించాడు. అది నైలాన్ టైరు, రేడియల్ కంటే బిగుసుగా ఉండే పాత రకం. నెమ్మదిగా నడుపుకుంటూ ఊళ్ళో టైర్ల షాపుకు చేరాం. టైం తొమ్మిదీ ఇరవై ఐదు.

ఆసుపత్రికి ఫోన్ చేశాను.

"పన్నెండు దాటితే డాక్టరమ్మ ఉండదు సిస్టర్. మళ్ళీ వచ్చేది మూడు నెలలకే," అంది అక్కడి నర్సు.

చీలిన టైరు అతుకుకు పనికిరాదన్నాడు షాపతను. మా కొలతలో రేడియల్ లేదు. వాడిన నైలాన్ ఒకటి ఉంది, మా స్టెప్నీ రకమే.

"ఇట్లే పోదాం మేడం. ముందర ఒగటి నైలాను, ఒగటి రేడియలు ఉంటే ఏమైతాది? నిదానంగా పోతా," అన్నాడు డ్రైవరు.

ఒకే ఇరుసు మీద రెండు రకాలు ఉండకూడదని సైన్యంలో నేర్పారు. కలపక తప్పకపోతే నైలాన్ జత ముందు, రేడియల్ జత వెనక. కానీ మార్చడానికి యాభై నిమిషాలన్నాడు షాపతను. ఆలస్యమైతే పోయేది నా కన్ను కాదు. అందుకే వెనక సీట్లోకి తిరిగి అంతా వివరంగా చెప్పి, ఈరమ్మనే అడిగాను.

ఆమె డ్రైవరు గొంతు వైపు ముఖం తిప్పింది. "ఏమప్పా, పడుగులో సగం ఒగ నూలు, సగం ఇంగో నూలు ఏస్తే గుడ్డ ఏమైతాది?"

"నాకేం తెలుసు అవ్వా, నేను కట్టుకునేవాణ్ణే గానీ నేసేవాణ్ణి కాదు."

"ఒగపక్క సాగుతాది, ఒగపక్క బిగుసుకుంటాది. వంకర పోతాది. నిలువునుండే పడుగంతా ఒగటే నూలుండల్ల. అడ్డమేసే పేకకు వేరేది పెట్టు, నడుస్తాది."

"జీపుకు గూడా మగ్గం లెక్కనే చెప్తాండావే."

"కన్ను పోయింది గానీ చెయ్యి పోలేదప్పా. మార్చుకో పో."

లెక్క వేశాను. మిగిలింది అరవై ఐదు కిలోమీటర్లు. యాభై వేగంతో గంటా పద్దెనిమిది నిమిషాలు. సరిపోతుంది. మార్చమన్నాను. ముందుకు రెండు నైలాన్లు, వెనక రెండు రేడియళ్ళు, ముందున్న మంచి రేడియల్ స్టెప్నీగా. పదీ పదిహేనుకు కదిలాం. యాభై దాటొద్దని డ్రైవరుకు ఆదేశం.

కోడుమూరు దాటాక గొర్రెల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కాడు. జీపు ఏ పక్కకూ లాగకుండా నేరుగా ఆగింది. మంద దాటడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. డ్రైవరు సీసా మూత తీసి వెనక్కి తిరిగాడు. "అవ్వా, నీళ్ళు తాగుతావా?" అని అడిగాడు.

పదకొండూ నలభై ఒకటికి ఆసుపత్రి గేటు దాటాం. పన్నెండుకు పది నిమిషాలుండగా ఈరమ్మను లోపలికి తీసుకెళ్ళారు.

డ్యూటీ ముగిసి ఇంటికొచ్చాను. మందుల లెక్క, కిలోమీటర్ల లెక్క సరిపోయాయి. స్టెప్నీ రకం రాసే గడి ఒకటి పుస్తకంలో కొత్తగా గీశాను. ఆ పది రోజుల్లో నాతో ఉండిపోయింది మాత్రం ఆపరేషన్ మర్నాడు ఉదయం కట్టు విప్పిన తర్వాతి క్షణం. ఈరమ్మ డాక్టరమ్మను చూడలేదు, నన్నూ చూడలేదు. నా చీర కొంగు అందుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంది. పెదవులు కదుపుతూ, బొటనవేలి గోరుతో ఒక్కొక్క పోగునూ జరుపుతూ లెక్కపెడుతోంది. అది పూర్తయ్యేదాకా మేమంతా నిలబడే ఉన్నాం.