సాయంత్రం ఇంటికి వెళ్ళిపోయే ఆస్తి

కంపెనీలో అందరూ ఆవిడను రిపోర్టక్క అనేవారు. రంగులు తయారుచేసే ఆ కంపెనీకి ఏటేటా వార్షిక నివేదిక రాసేది ఆవిడే. యంత్రాలూ భవనాలూ చూసుకోవడానికి లెక్కలవాళ్ళున్నారు. కంపెనీకి ఏం తెలుసు, ఎవరికి తెలుసు, అందులో బయటికి ఎంత చెప్పాలి అన్నదే అక్క పని. పోటీవాళ్ళు చదువుతారని యజమాని నోరు నొక్కుతాడు. షేర్లు కొనేవాళ్ళు అంతా విప్పి చెప్పమంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇన్నేళ్ళూ అక్క ఇద్దరినీ మంచి చేసుకునే నెట్టుకొచ్చింది.

ఆ నివేదికలో ఆవిడకు ప్రాణమైన పేజీ ఒకటుంది. రంగులు కలిపే విభాగం వాళ్ళ ఫొటో. మధ్యలో చేతులు కట్టుకుని నిలబడేది ఆవిడ భర్త. గుడ్డముక్క ఒకటి తెచ్చి చూపిస్తే చాలు, అచ్చం అదే రంగు కలిపి చేతిలో పెడతాడు. ఎలాగని అడిగితే మాత్రం, చూస్తే తెలుస్తుంది అంటాడు, అంతే.

కిందటేడు కొత్తగా డబ్బు పెట్టడానికి వచ్చినవాళ్ళు ఆ ఫొటో చూసి పెదవి విరిచారు. ఈ ఆస్తి రోజూ సాయంత్రం ఇంటికి వెళ్ళిపోతుంది కదా, రేపు పక్క కంపెనీకి పోతే మీకేం మిగులుతుందని అడిగారు. దానికి మందు కనిపెట్టింది అక్కే. భర్త తలలో ఉన్నదంతా కంప్యూటర్‌కు ఎక్కిస్తే, అది కంపెనీ సొత్తని ధైర్యంగా రాసుకోవచ్చు. ఆయన ససేమిరా అన్నాడు. అక్క ఊరుకుంటుందా? చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మీ పేరు నిలిచిపోతుందండీ అంది. చివరికి ఆయన కెమెరా ముందు రంగులు కలుపుతూ, ఏది ఎందుకో విడమరిచి చెప్పాడు.

"నువ్వడిగావని చెబుతున్నా," అనేవాడు ఇంటికొచ్చి.

ఈ ఏటి నివేదిక అచ్చుకు వెళ్ళేముందు నమూనా ప్రతి వచ్చింది. కంపెనీ సొత్తయిన రంగుల జ్ఞానం గురించి అక్క రాసింది రాసినట్టే ఉంది. పేజీ తిప్పితే ఫొటో లేదు. ముందుకీ వెనక్కీ తిప్పి వెతికింది. అంతలోనే సర్దిచెప్పుకుంది. మొహాలు చూస్తే పోటీవాళ్ళు ఎగరేసుకుపోతారని దాచి ఉంటారు. తన మొగుడు దాచుకోవలసినంత మనిషని ముసిముసిగా నవ్వుకుంది కూడా, పిచ్చితల్లి.

ఆ ధీమాతోనే డైరెక్టరు గదికి వెళ్ళి, పోటీవాళ్ళ భయంతోనే తీసేశారా అని అడిగింది. ఆయన కుర్చీ చూపించాడు.

"పోటీ కాదమ్మా. వచ్చే నెలనుంచి ఆ విభాగమే ఉండదు. లేనివాళ్ళను మన బలమని చూపిస్తే రేపు అందరూ నిలదీస్తారు."

కుర్చీ అంచు పట్టుకుని, మరి ఆయన సంగతి, అని అడిగింది అక్క.

"అంతా మిషన్‌లోకి వచ్చేసింది కదా. ఆ ఆలోచన మీదేనని బోర్డులో కూడా చెప్పాను," అన్నాడు డైరెక్టరు మెచ్చుకోలుగా.

మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. తన వేలితో తన కన్నే పొడుచుకుంది. అదీ ఏడాది పొడవునా, బతిమాలి మరీ.

గేటు దగ్గర భర్త రోజులాగే ఆవిడకోసం కాచుకుని ఉన్నాడు. ఈసారి ఫొటోకు ఆయన కొత్త నీలం చొక్కా వేసుకుని దిగాడు.

"అచ్చులో ఆ నీలం సరిగ్గా పడిందా?" అని అడిగాడు.

ఎవరికి ఎంత చెప్పాలో, ఎంత దాచాలో బాగా తెలిసిన మనిషి ఆ పూట ఏమీ దాచలేకపోయింది.

"ఫొటో లేదండీ. మీ ఉద్యోగమూ లేదు. నేనే తీసేశాను."