మిల్లు మధ్య గోడ

పత్తిలో గింజ తీసే మా జిన్నింగు మిల్లును యూనియన్ ముంచేసిందని ప్రత్తిపాడు చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పుట్టించలేదు. అలాగని ఎవరూ కాదనలేదు. ఎర్రజెండా వల్ల చితికిపోయిన ఇల్లు అంటే వినడానికి కాస్త మర్యాదగా ఉంటుంది. అసలు సంగతి అంత మర్యాదైనది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను హైవే పక్కన ఒక స్పిన్నింగు మిల్లులో స్టోర్సు గుమస్తాగా చేరాను. బేరింగులు, బెల్టులు, బాబిన్లు అడిగినవాళ్ళకు తీసి ఇవ్వడం నా పని. ఇస్త్రీ చొక్కా లేకుండా ఒక్కరోజు కూడా వెళ్ళలేదు. మిల్లు యజమాని నాకంటే చిన్నవాడు. నన్ను "అన్నయ్యగారూ" అని పిలిచేవాడు. అయితే ఆయన కుర్చీలో ఉండి, నేను ఎదురుగా నిలబడి ఉండగా పిలిచేవాడు.

నూలు వడికే షెడ్డులో పనంతా ఆడవాళ్ళదే. పక్క పల్లెల నుంచి మిల్లు వ్యాను వాళ్ళను ఎక్కించుకొచ్చేది. ఆ షెడ్డు గుమ్మం దగ్గర మేకుకు ఒక చెక్క బిళ్ల వేలాడుతుండేది. పాయిఖానాకు వెళ్ళాలంటే ఆ బిళ్ల తీసుకుని వెళ్ళాలి. షెడ్డంతటికీ ఒకటే బిళ్ల. వెళ్ళినామె తిరిగొచ్చి తగిలిస్తేగాని ఇంకొకరు కదలడానికి లేదు. మిషన్లు ఆగకూడదని పెట్టిన పద్ధతి అది. ఆడవాళ్ళు ఆ మేకు వైపే చూస్తూ తెగిన దారాలు అతికేవాళ్ళు. ఆ భయానికి పనిరోజుల్లో మంచినీళ్ళు తాగడం మానేసినవాళ్ళున్నారు.

ఇదంతా పాతకాలపు సంగతి అనుకోకండి. హైదరాబాదులో కాల్ సెంటర్‌లో పనిచేసే మా మేనల్లుడు మొన్న వచ్చి, "ఈ రోజుల్లో కూడా యూనియన్లేంటి మావయ్యా" అన్నాడు. అన్నం తింటూ వాడే ఇంకో మాట చెప్పాడు. సీట్లోంచి లేచినప్పటి నుంచి కంప్యూటర్లో టైము పడుతుందట, కాస్త ఆలస్యమైతే టీమ్ లీడరుకు సంజాయిషీ చెప్పుకోవాలట. "మరి మీ బిళ్ల కూడా మేకుకే వేలాడుతోంది కదరా" అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఈ కథంతా చెప్పాల్సి వచ్చింది.

ఒకరోజు కడుపుతో ఉన్న ఒక పిల్ల బిళ్ల వచ్చేదాకా ఆగలేక, అది లేకుండానే వెళ్ళొచ్చింది. మర్నాడు ఆ పిల్లను వ్యాను ఎక్కనివ్వలేదు. పనిలోంచి తీసేశామన్నారు.

ఆ పిల్ల పక్కనే పనిచేసే ఒకావిడ ఉండేది. యాభైకి దగ్గర పడిన మనిషి. వాళ్ళ పల్లె చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆవిడే, అంత గొంతు. అందరినీ ఆవిడే కూడగట్టింది. పిల్లను తిరిగి పనిలోకి తీసుకోవాలి, బిళ్ల తీసేయాలి, లేదంటే అందరం యూనియన్లో చేరతాం అని ఆఫీసుకు కబురు పెట్టారు.

యజమాని నన్ను పిలిపించాడు. ఆరోజు మాత్రం కూర్చోమన్నాడు.

"అన్నయ్యగారూ, నా మాట వాళ్ళు వినరు. మీరు చెబితే ఆ లెక్క వేరు. రేపు షిఫ్టు మారేటప్పుడు మీ తాతగారి మిల్లు సంగతి నాలుగు ముక్కలు చెప్పండి, చాలు."

"ఏమని చెప్పమంటారు?"

"జరిగిందే చెప్పండి. యూనియన్ పెట్టారు, మిల్లు పోయింది. అంత మిల్లుండి మీరు ఇవాళ నా స్టోర్సులో..." అని ఆగాడు. "తప్పుగా అనుకోకండి."

తప్పుగానే అనుకున్నాను. మిరపచేలో దిష్టిబొమ్మలాగా నన్ను వాళ్ళ ముందు నిలబెట్టాలని ఆయన ఉద్దేశం. "జరిగింది చెప్పమంటే చెబుతాను" అని లేచాను.

మర్నాడు పత్తి బేళ్ళ పక్కన ఖాళీ జాగాలో అందరినీ పోగేశారు. ఆఫీసు నుంచి నాకు కుర్చీ తెచ్చి వేశారు. నేను కూర్చోలేదు. యజమాని మా వంశం గురించి నాకే తెలియనంత గొప్పగా మాట్లాడాడు. ముందు వరసలో ఆ పాటల ఆవిడ కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. నాకు వినపడాలనే పక్కామెతో అంది.

"చినబాబుగారి చేత పాఠం చెప్పిస్తన్నారే. ఎంతవరకు కంఠతా వచ్చిందో చూద్దాం."

నేను మొదలుపెట్టాను. "మా మిల్లులో యూనియన్ ఉండేది, నిజమే. మా తాతగారి కాలంలో ఒకసారి సమ్మె కూడా జరిగింది. పత్తి సీజనులో ఆదివారం సెలవు కావాలన్నారు. తాతగారు కొన్నాళ్ళు బిగుసుకుని కూర్చున్నారు, తర్వాత ఇచ్చారు. ఆ తర్వాత మిల్లు చాలా ఏళ్ళు బ్రహ్మాండంగా నడిచింది."

యజమాని దగ్గాడు. నేను ఆయన వైపు చూడలేదు.

"తాతగారు పోయాక మా నాన్నగారూ, మా బాబాయిగారూ మిల్లు పంచుకున్నారు. గింజ తీసే మిషన్లు మా నాన్నగారికి, బేళ్ళు కట్టే ప్రెస్సు బాబాయిగారికి. అన్నదమ్ములకు మాటలు పోయాయి. కోర్టుకెక్కారు. ఆవరణ మధ్యలో గోడ కట్టారు. ఇటు దూది అటు పోవడానికి లేదు. దూది లేక అక్కడ ప్రెస్సు ఆగిపోయింది. ప్రెస్సు లేక ఇక్కడ దూది గుట్టలుపడి వానకు తడిసింది. అప్పుడు యూనియన్ పెద్ద మా ఇంటికొచ్చాడు. ప్రెస్సు మీద పనిచేసిన ముసలాయన. నేను కాలేజీలో చదువుకుంటున్నాను, ఆ వసారాలోనే ఉన్నాను. 'గోడ తియ్యొద్దు బాబూ, దానికో తలుపు పెట్టించండి, అంతే. దూది మోసుకెళ్ళేది మేమేగా, మీరిద్దరూ మొహాలు చూసుకోనక్కర్లా' అన్నాడు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"మా నాన్నగారు ఆయన్ని మెట్లు దింపేశారు. కూలికొచ్చినవాడు నా గోడకు తలుపు పెట్టమనేంతవాడా అన్నారు. బాబాయిగారి దగ్గరకు వెళితే ఆయనా అదే అన్నారట. అన్నదమ్ములిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క మాట మీదే. ఆ మిల్లును బతికించాలని చూసింది యూనియన్ ఒక్కటే. ముంచింది మేము. మా ఇంటిని మేమే ముంచుకున్నాం. ఆ పేరు ఇంకొకరికి పోనివ్వను."

"అమ్మో, పాఠం మారిపోయిందే!" అంది ఆ పాటల ఆవిడ. అందరూ గొల్లుమన్నారు.

యజమాని నా దగ్గరకొచ్చి పళ్ళ బిగువున అడిగాడు. "ఏంటండీ ఇది? నేను చెప్పమంది ఇదా?"

"జరిగింది చెప్పమన్నారు" అన్నాను.

ఆ సాయంత్రమే స్టోర్సు తాళాలు తీసేసుకున్నారు. నన్ను లారీలు తూచే కాటా దగ్గరకు మార్చారు. నీడ లేని చోటు. సిగ్గుపడి నాకు నేనే మానేస్తానని వాళ్ళ లెక్క. నేను ఇస్త్రీ చొక్కాతోనే వెళ్ళి ఎండలో నిలబడ్డాను.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి పక్క పాకలో యూనియన్ మీటింగు పెట్టుకున్నారు. నేనూ వెళ్ళాను. మా ఇంటివాళ్ళెవరూ అంతకుముందు ఆ పల్లెలో కూర్చుని ఎరగరు.

"కుర్చీల్లేవు బాబుగారూ, చాపే" అంది పాటల ఆవిడ.

"చాపే వేయండి."

"మరి నడుం వంగుద్దా?"

"వంగదు. అయినా కూర్చుంటాను. నా పేరు కూడా రాయండి."

సోమవారం వ్యాను వచ్చినప్పుడు కడుపుతో ఉన్న పిల్లను అందరికంటే ముందు ఎక్కించారు. డ్రైవరు దిగమన్నాడు. పిల్ల దిగింది. వెనక ఎక్కినవాళ్ళందరూ దిగారు. కాటా దగ్గర నిలబడి నేను ఆ ఖాళీ వ్యాను గేటులోకి రావడం చూశాను. ఆ రోజు షెడ్డులో చప్పుడు లేదు. కొన్నాళ్ళు వ్యాను అలా ఖాళీగానే తిరిగింది. చివరికి ఆ పిల్లను పనిలోకి తీసుకున్నారు.

బిళ్లను మాత్రం తీయలేదు. యజమానికి పరువు అడ్డొచ్చింది. ఆ అడ్డేమిటో నాకు బాగా తెలుసు. మేకుకు అది అలాగే ఉండిపోయింది. దాని పక్కనుంచే ఆడవాళ్ళు కావలసినప్పుడు వెళ్ళొచ్చేవాళ్ళు, ఎవరూ దాన్ని ముట్టుకునేవాళ్ళు కాదు. నేను ఆ మిల్లు వదిలేనాటికి దానిమీద దూది నూగు ఎంత మందాన పేరుకుందంటే, కొత్తగా వచ్చినవాళ్ళు అదేమిటని అడిగేవాళ్ళు.