అలికిన నేల మీద ఏడు అడుగులు

మా ఆటల్ల దయ్యం వేషం నేనే కట్టేదాన్ని. మొఖానికి మసి పూసుకొని, జుట్టు ఇరబోసుకొని ఎగిరితే ముందర కూసున్న పిల్లలు తల్లుల కొంగుల్ల దూరేటోళ్లు. వేషం ఇప్పినంక బీడీ ముట్టిచ్చుకొని నవ్వేదాన్ని. గసొంటిదాన్ని దయ్యాలను ఎట్ల నమ్ముత? ఇప్పటికీ నమ్మ. కానీ ఇబ్రహీంపట్నంల నా కండ్లతోని చూసింది చూసినట్టే చెప్త.

నిజాం జమాన అది. ఊర్ల ఆట ఆడాలంటే పోలీసు అమీన్ సరేనని ఇజాజత్ ఇయ్యాల్సిన రోజులు. మాది ఊరూరు తిరిగే మేళం. నాకు నలభై దాటినయ్, మోకాలు పట్టుకుంటుండె. మేళం నడిపే మా తమ్ముడు ఒకనాడు, "అక్కా, ఇగ నువ్వు వంట జూస్కో, ఆట పిల్లలు ఆడ్తరు" అన్నడు. తప్పుగ ఏమన్లే. కానీ ఆ పిల్లలకు అడుగు నేర్పింది నేనే.

ఇబ్రహీంపట్నం దొరసాని మా ఆటలు చానాసార్లు చూసింది. సంగతి తెల్సి నన్ను పిలిపిచ్చింది.

"పాత ఆటలు చూసి చూసి యాష్టకొచ్చింది. మూడు నెలలు ఈడనే ఉండు. తిండి, బట్ట నేను చూస్కుంట. ఎవలకూ ఆడి చూపియ్యకు. కొత్త ఆట ఒకటి కట్టు" అన్నది.

ఆట చూసి మెచ్చుకున్నోళ్లు మస్తుమంది ఉండె. ఆట కట్టేదానికి జాగ ఇచ్చిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూసిన.

చెరువు కట్ట కింద ఇత్తనాలు పోసే ఇల్లు ఖాళీ చేపిచ్చి ఇచ్చింది. ఒకటే పెద్ద అర్ర, ఒకటే తలుపు. మీద పిల్లి గూడ పట్టని చిన్న కిటికి. పక్కింటి మస్తాన్‌బీని నాకు తోడు పెట్టింది.

నాట్లేసే ఆడోళ్ల ఆట కడ్దామనుకున్న. నాటేసేటోళ్లు ఎనుకకు నడుస్తరు గదా. ఎనుకడుగుల మీదనే ఆటంత కుదిరింది. కానీ మడి అయిపోయినంక ముందుకు మళ్లాలె. ఆ మళ్లుడు కాడ తాళం తప్పుతుండె. నెల దినాలు అదే తంటా. ఇగ వంటే గతి అనుకున్న.

ఒకనాడు పొద్దున నేను, మస్తాన్‌బీ కలిసి ఎర్రమన్ను, పెండ కలిపి అర్రంత అలికినం. తలుపు దిక్కు జరుగుకుంట అలికి, బయటికొచ్చి తాళమేసినం. తాళంచెవి నా బొడ్లెనే ఉండె. ఇద్దరం దొరసాని ఉండే గడికి పోయి బువ్వ తిన్నం. మొబ్బు పట్టి నేల ఆరలే. ఎనుకకొచ్చి తలుపు తీసేసరికి పట్టపగలు.

నడి అర్రల అడుగులున్నయ్. ఏడు.

తలుపు కాడి నుంచి ఆడిదాక ఒక్క అడుగు లేదు. ఆడి నుంచి బయటికి గూడ లేదు. నాలుగు బారల పచ్చి నేల, అలికిన చేతి గీతలు అట్లనే ఉన్నయ్.

"అక్కా, ఇయ్యి నీవి కావా?" అన్నది మస్తాన్‌బీ.

"నీతోనే ఉంటి గదనే!"

నేను పోయి పక్కన పాదం పెట్టి చూసిన. నాది జానెడు మీద రెండు వేళ్ల పొడుగు. అవి జానెడు గూడ లేవు. నాలుగు అడుగులు ఎనుకకేసినయ్. ఐదోది మడిమె ఒక్కటే లోతుకు దిగింది, వేళ్లు ఆనలే. ఆరోది అడ్డం తిరిగింది. ఏడోది తలుపు దిక్కు మొఖం పెట్టింది.

నెల దినాల సంది నాకు దొరకని మళ్లుడు అది.

భయమైంది. కానీ దాచుడెందుకు, ఆ భయంలనే నోటితోని తాళమేసుకుంట వాటెంబడి అడుగేసిన. కుదిరింది. మోకాలు కలుక్కుమన్లే. మస్తాన్‌బీ గడప కాడ నిలబడి "యా అల్లా" అనుకుంట ఏడుస్తున్నది.

దొరసాని గూడ వచ్చి చూసింది. ఆ ఇంట్ల ఎవలన్న సచ్చిన్రా అని అడిగిన. "మనుషులు ఉంటే గద సచ్చేది! కట్టినప్పటి సంది గింజలే పోసినం" అన్నది. తర్వాత రెండు నెలలు రోజిడిసి రోజు అలికిన. ఒక్క అడుగు పడలే.

మూడు నెలలకు మేళం వచ్చింది. తమ్ముడు ఆట అయ్యేదాక నిలబడే చూసిండు. "అక్కా, ఆ మళ్లుడు నాకు గూడ నేర్పు" అన్నడు. వంట మాట మళ్ల ఎత్తలే.

ఆ ఆట ఎంతోమంది ఆడపిల్లలకు నేర్పిన. గింజల ఇంటి సంగతి మాత్రం వాళ్లల్ల ఎవలకూ చెప్పలే. కానీ ఏ పిల్లయినా సరే, ముందుకు మళ్లంగనే ఎడమ భుజం మీది నుంచి ఎనుకకు చూస్తది. నేను నేర్పంది అది. తిట్టిన, గడ్డం పట్టి తిప్పిన, మానలే.

"ఎందుకు చూస్తున్నవే?" అని అడిగితే, వేరే వేరే ఊర్లోళ్లు, ఒకలనొకలు ఎరగనోళ్లు, అందరిదీ ఒకటే మాట.

"ఎనుక నుంచి ఎవలో పేరు పెట్టి పిలిచిన్రు, పెద్దమ్మా."

ఎవలో నాకు తెల్వదు. ఇన్నేండ్లు ఆడిన. నన్నయితే ఒక్కసారి గూడ పిలువలే.